మా నాన్నని ఎమ్మెల్యే సార్ అని పిలిచిన ఆ వార్డు అన్నకి

నాన్నని నిన్న సాయంత్రం డిశ్చార్జ్ చేశారు. పక్క గదిలో నిద్రపోతున్నాడు. నాకే నిద్ర పట్టట్లేదు, రెండుసార్లు స్నానం చేసినా ఒంటికి డెటాల్ వాసన పోవట్లేదు, రేపు ఆఫీసులో పడ్డానంటే ఇక రాయను కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా. తప్పులుంటే సర్దుకోండి.

చాలామందికి తెలీదు, మా నాన్న ఒకప్పుడు ఎమ్మెల్యే. సీమలో ఒక నియోజకవర్గం, పేరు రాస్తే ఆయనకి నచ్చదు. ఊళ్ళో వకీలుగా తన కేసులేవో తను చూసుకునేవాడు. 1982 మార్చి 29న ఎన్టీఆర్ పార్టీ పెట్టడం, 1983 జనవరికల్లా నాన్న అసెంబ్లీలో కూర్చోవడం, ఏడాది కూడా తిరక్కుండా అయిపోయింది. 1985లో మళ్ళీ గెలిచాడు, 1989లో ఓడాడు, తర్వాత టికెట్ రాలేదు, ఆయనా పోయి అడగలేదు. 1995లో ఎమ్మెల్యేలు ఎన్టీఆర్ వైపు, చంద్రబాబు వైపు చీలిపోయిన వైస్రాయ్ హోటల్ గొడవప్పుడు టీవీ ముందు కూర్చుని "నేను ఎమ్మెల్యేగా లేకపోవడమే మంచిదైంది, ఎటు పోవాలో తేల్చుకునే బాధ తప్పింది" అన్నాడు. ఇప్పుడు బెంగళూరు హూడిలో మా దగ్గరే ఉంటాడు. పొద్దున పేపరు, సాయంత్రం పార్కులో సాటి పెద్దాళ్ళతో వాదన.

బాత్రూంలో జారి పడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది కానీ ఆ రాత్రి నుంచి మనిషి మాకు అందలేదు. డెలీరియం, అంటే మతి తడబడటం అన్నారు డాక్టర్, పెద్ద వయసులో ఆపరేషన్ తర్వాత ఇలా వస్తుంటుంది, తగ్గుతుంది అన్నారు. "నేనెక్కడున్నా" అని నాన్న అడిగితే నర్సు బెంగళూరు అని చెప్పింది, అంతే, ఆయన 1984 ఆగస్టుకి వెళ్ళిపోయాడు.

ఇప్పటి పిల్లలకి తెలీకపోవచ్చు. ఎన్టీఆర్ అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చీ రాగానే, ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఆయన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావుని ముఖ్యమంత్రిని చేశారు. అప్పటికి ఫిరాయింపుల చట్టం లేదు, అది 1985లో 52వ సవరణతో వచ్చింది, కాబట్టి ఏ ఎమ్మెల్యే ఎటు జారినా అడిగే దిక్కు లేదు. అందుకే ఎన్టీఆర్ వైపు వాళ్ళని ముందు హైదరాబాద్ రామకృష్ణా స్టూడియోలో ఉంచి, తర్వాత ఇక్కడికి తెచ్చారు, ఇక్కడేమో ఎన్టీఆర్‌కి అండగా ఉన్న రామకృష్ణ హెగ్డే గారి ప్రభుత్వం, నంది హిల్స్‌లో క్యాంపు. సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్ళీ ప్రమాణం చేసేదాకా ఎవరు ఉన్నారు ఎవరు జారారు అని రోజూ తలలు లెక్కపెట్టుకోవడమేనట. చిన్నప్పటి నుంచి మేం విని విని విసిగిపోయిన కథ ఇది.

ఆ కథే ఇప్పుడు ఆస్పత్రి మంచం మీద మొదలైంది. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టబోతే వేలిముద్ర తీసుకుంటున్నారని పిడికిలి బిగించేశాడు. నర్సు ప్యాడ్ పట్టుకుని వస్తే "నేను సంతకం పెట్టను, ఎవరు పంపినారో వాళ్ళకే చెప్పుకో పో" అని అరుపు. నాన్నా ఇది ఆస్పత్రి అని మేం అన్నకొద్దీ ఇంకా రెచ్చిపోయేవాడు, మమ్మల్ని కూడా అవతలి పక్షంలో కలిపేశాడు.

నైట్ డ్యూటీ వార్డు అటెండర్ ఒకాయన ఉన్నాడు. బాగేపల్లి వైపు మనిషి, ఇంట్లో తెలుగే. మొదటి రాత్రి అంతా చూసి, నన్ను కారిడార్‌లోకి పిలిచి ఏం జరిగింది అప్పుడు అని అడిగాడు. చెప్పా. మొత్తం విని ఒకటే ప్రశ్న, "సార్ చివరిదాకా నిలబడినాడా?" నిలబడ్డాడన్నా. తల ఊపి లోపలికెళ్ళి మంచం పక్కన నిలబడ్డాడు.

"ఎంతమంది ఉండారు?" అన్నాడు నాన్న.

"అందరూ ఈడనే ఉండారు ఎమ్మెల్యే సార్, యాడికీ పోలేదు, ఇప్పుడే లెక్కపెట్టొచ్చినా."

"గేటు కాడ ఎవరు?"

"నేనే ఉండా. మీరు పండుకోండి."

క్లిప్పు తీసి చూపించి, "ఇది సంతకం గాదు సార్, మీరు హాజరని గుర్తు" అన్నాడు. నాన్న పిడికిలి తెరిచాడు. నేను చూస్తూ నిలబడిపోయా.

అసలు నన్ను కుదిపేసింది తెల్లారాక. షిఫ్టు మారే టైంకి ఆ అన్న బ్యాగు భుజానేసుకుని కూడా వెళ్ళకుండా మళ్ళీ వచ్చి, పగలు డ్యూటీ కుర్రాడిని చెయ్యి పట్టుకుని నాన్న దగ్గరికి తీసుకొచ్చి, "సార్, నేను పోయి రాత్రికొస్తా, అంతదాకా ఈ పిల్లోడుంటాడు, మన మనిషే" అని అప్పగించి మరీ వెళ్ళాడు. ఆ పని ఏ డ్యూటీ చార్టులోనూ ఉండదండీ. మెట్ల దగ్గరికెళ్ళి ఏడ్చేశా, ఆపరేషన్ రోజు కూడా ఏడవనివాణ్ణి.

తర్వాత ఆయన్ని వేరే బ్లాక్‌కి మార్చేశారు. ఒక్క పేషెంట్ దగ్గరే ఎక్కువసేపు ఉంటున్నాడని సూపర్‌వైజర్ కంప్లయింట్ అట. కాంట్రాక్టు మనిషి కదా, ఎదురు చెప్తే రేపటి నుంచి రావద్దంటారు. ఆ మంచానికి రోజుకి అంత చార్జీ వేసిన ఆస్పత్రిని, అందులో ఆ మనిషి చేతికి ఎంత వెళ్తోందో అడిగేవాడు ఎవడూ లేడు. డిశ్చార్జ్ రోజు వెతుక్కుంటూ వెళ్ళి కవరు ఇవ్వబోతే నవ్వి, "క్యాంపులో డబ్బులు ముట్టుకుంటే ఎమ్మెల్యే సార్ ఊరుకుంటాడా" అన్నాడు. ఆయన పేరు ఇక్కడ రాయట్లేదు, రాస్తే ఆ ఉద్యోగానికి కూడా ఎసరు పెడతారేమో.

ఆస్పత్రి ఖర్చు అంటే గుర్తొచ్చింది. మాజీ ఎమ్మెల్యే కదా, మీకేం, అంతా ఫ్రీ అంటున్నవాళ్ళకి ఒక్క మాట. మాకు ఈ ఊళ్ళో హెల్త్ కార్డు చెల్లలేదు. ముందు మనం కట్టుకోవాలి, తర్వాత ఒరిజినల్ బిల్లులు, ఆ వైద్యం అవసరమేనని డాక్టర్ సంతకంతో ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్, ఎమర్జెన్సీ సర్టిఫికెట్, అన్నీ పంపాలి. ఫోన్ చేస్తే రాష్ట్రం విడిపోయింది కదా సార్, పాత సభ్యుల ఫైలు ఇక్కడుందో అక్కడుందో చూడాలి అంటారు. విడిపోయింది 2014లో! పైగా సభ్యుడిగా ఉన్నట్టు ధ్రువపత్రం కావాలట. శాసనాలు చేసినోడికే ఈ గతి అయితే మామూలోళ్ళ సంగతి ఏంటి చెప్పండి.

సరే. అక్క, బావ, మా ఆవిడ, అందరూ చేశారు, వాళ్ళకి థాంక్స్ చెప్తే తిడతారు. నాన్న ఇప్పుడు మామూలుగానే ఉన్నాడు, ఆ రాత్రులేవీ గుర్తు లేవంటున్నాడు, చెప్తే నమ్మట్లేదు కూడా.

అయ్యో మర్చిపోయా, వాకర్ తెచ్చిచ్చిన కింది ఫ్లోర్ ఆంటీ గారికి, రాత్రి రెండింటికి మందుల షాపు తెరిచిన మలయాళీ కుర్రాడికి, లిఫ్టు పాడైతే స్ట్రెచర్ పట్టిన ఇద్దరికి, మా టీమ్ వాళ్ళకి, పార్కు పెద్దాళ్ళకి చాలా చాలా థాంక్స్. ఆపరేషన్‌కి రక్తం ఇచ్చిన మారతహళ్ళి తమ్ముడూ, కంగారులో నీ నంబర్ సేవ్ చేసుకోలేదు, ఇది కనబడితే మెసేజ్ పెట్టు, నీ హెల్మెట్ మా కారులోనే ఉండిపోయింది.