మన సంఘం వార్షిక నివేదిక: సగం రాసిన కాగితాలతో ఒక ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

గోదావరిఖనిలో మనం పెట్టుకున్న పద్ధతి మీకు తెలిసిందే. రాసింది పూర్తికాకముందే తెచ్చి చదవాలి. అచ్చయ్యాక తప్పు చెబితే రాసినవాళ్లకు బాధ, చెప్పినవాళ్లకు చెడ్డపేరు. సింగరేణి కార్మికుల చరిత్ర మీద ఈ ఏడాది ఆరు చిత్తుప్రతులు చదువుకున్నాం. ఎండాకాలంలో ఒక మీటింగు తప్పింది. దసరా తర్వాత ఒకే నెలలో రెండు పెట్టి సర్దుకున్నాం.

మొదటిది ఇల్లందు గురించి. 1871లో డాక్టర్ విలియం కింగ్ అక్కడ బొగ్గు జాడ కనిపెట్టడం, 1889లో తవ్వకం మొదలవడం, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడటం, 1945లో అది నిజాం ప్రభుత్వం చేతికి రావడం, అన్నీ వరసగా ఉన్నాయి. తేదీలు బాగున్నయి గానీ మనుషులేరి అన్నారు ఒక పెద్దాయన. రాసిన తమ్ముడు చిన్నబుచ్చుకున్నాడు. అయినా తర్వాత ఇల్లందు వెళ్లి పాత కార్మికుల ఇళ్లల్లో నాలుగు రోజులు కూర్చుని వచ్చాడు. రెండో ప్రతి ఇంకా రావాలి.

ఎక్కువసేపు నడిచింది 1981 సమ్మె మీద. పది మందో ఇంకా ఎక్కువో నోటీసు లేకుండా కలిసి పని మానేస్తే, అప్పటి వేతనాల చెల్లింపు చట్టం కింద ఎనిమిది రోజుల దాకా జీతం కోసే వీలుండేది. ఆ కోత మీదే 56 రోజులు బాయిలు (బొగ్గు గనులు) బందయ్యాయి. చిత్తుప్రతి చట్టంతో మొదలైంది. వెనక కూర్చున్న రిటైర్డ్ కోల్ ఫిల్లర్ (తవ్విన బొగ్గును టబ్బుల్లో నింపే కార్మికుడు) లేచి, సెక్షన్లు మాకేం తెలుసు బిడ్డా, ఒక్క దినం నాగాకు ఎనిమిది దినాల పైసలు పోతయన్నదే తెలుసు అన్నాడు. కిరాణా ఖాతా ఎంతకు చేరింది, పిల్లల్ని ఊర్లకు ఎవరు పంపారు, ఇవి లేకుండా 56 అని రాస్తే అది అంకెనే కదా అని కూడా అడిగాడు. జవాబు చెప్పలేక, రాసిన చెల్లె కాగితం తిప్పేసింది.

అదే కాగితంలో, బాయిలో కప్పు కూలకుండా నిలబెట్టే కట్టె సపోర్టులు పాతకాలం పద్ధతి అని ఒక ముక్క ఉంది. ఆయన చేతికర్రతో హాలు గోడను రెండు చోట్ల కొట్టి చూపించాడు. గట్టి కప్పు కంగుమంటుంది, పొర విడిన కప్పు బోలుగా పలుకుతుంది. మీద బరువు పడితే కట్టె చిటచిటమంటుంది, ఆ చప్పుడు విని ఎన్నిసార్లు బయటికి ఉరికామో అన్నాడు. ఇది ఏ రికార్డులోనూ దొరికేది కాదు. నా వరకు ఈ ఏడాది పని అంతా ఆ పది నిమిషాలే.

ఇళ్లల్లో ఆడవాళ్ల పని మీద ఒక అక్క రాసింది చాలామందికి నచ్చింది. 1952 గనుల చట్టం ఆడవాళ్లను బాయి లోపలికి దిగనివ్వలేదు గనుక చరిత్రలోనూ వాళ్లు బయటే ఉండిపోయారని ఆమె వాదన. మూడు షిఫ్టులకు మూడు వేళల వంట, ఎంత ఉతికినా నీళ్లు నల్లగానే వచ్చే బాయి బట్టలు, షిఫ్టు దాటి గంటైనా మనిషి రాకపోతే వచ్చే టెన్షన్, అన్నీ రాసింది. సైరన్ ముచ్చట మాత్రం సినిమాలాగా ఉందని చెప్పాం, ఒప్పుకుంది.

2011 సకల జనుల సమ్మె మీద చదివిన రోజు యూనియన్ల పాత గొడవ లేచి అరగంట ముందే ముగించాల్సి వచ్చింది. ముందే హద్దు చెప్పకపోవడం నా తప్పే. మిగతా రెండూ ఇంకా నోట్సు దశలోనే ఉన్నాయి.

ఒక చేదు విషయం. చదవడానికి ఇచ్చిన కాగితాలను ఎవరో ఫోన్లో ఫొటో తీసి పంపితే, అందులోని రెండు పేరాలు వేరేవాళ్ల పేరుతో ఒక పత్రికలో వచ్చాయి. ఎవరని తవ్వలేదు. ఇకనుంచి రాసినవాళ్లు ఒప్పుకుంటేనే ఫొటో. కాగితాలు మీటింగు అయ్యాక వాళ్లకే తిరిగివ్వాలి.

ఖర్చంతా జిరాక్సు, చాయ్. చందా పెంచడం లేదు, పాత బాకీలు మాత్రం కట్టండి.

వచ్చే మీటింగు హ్యాండ్ సెక్షన్ (బొగ్గును చేతులతో నింపే చోటు) పని మీద. పాత పే స్లిప్పులు, బదిలీ (రానివాళ్ల బదులు పని చేసేవాళ్ల) కార్డులు ఉంటే తీసుకురండి. తట్టా చెమ్మాస్ (బొగ్గు ఎత్తే బుట్ట, పార) ఎవరింట్లోనైనా మిగిలుంటే అవి కూడా. ఫొటో తీసుకుని అదే రోజు ఇచ్చేస్తాం.

కార్యదర్శి