పుట్టినరోజు ప్యాకేజీలు ఈ నెలాఖరుతో ఆపేస్తున్నాం

తిరుపతిలోని మా అలంకరణ సామగ్రి దుకాణాన్ని ఆరేళ్ళుగా ఆదరిస్తున్న మీ అందరికీ నమస్కారం. ఇళ్ళలో జరిగే వేడుకలకు మేము ఇస్తూ వచ్చిన రూ.8,500 ప్యాకేజీని ఈ నెలాఖరుతో ఆపేస్తున్నాం. ఇకమీదట సామాన్లు అద్దెకు ఇస్తాం, అలంకరణ మాత్రం మీరే చేసుకోవాలి.

కారణం దాచను. గత మే నెలలో తిరుచానూరు రోడ్డులో ఒక ఇంటి మిద్దె మీద మధ్యాహ్నం మూడు గంటలకే బెలూన్ల తోరణం కట్టి వచ్చాం. ఎండకు లోపలి గాలి ఉబ్బి, కేకు కోసే వేళకు సగానికి పైగా పగిలిపోయాయి. మేము తిరిగి వెళ్ళేసరికి పిల్లవాడు ఏడుస్తున్నాడు, వాళ్ళ నాయనమ్మ రబ్బరు ముక్కలను చేటలోకి ఊడ్చుకుంటోంది. డబ్బు వాపసు ఇచ్చాను. ఆ రాత్రి ప్యాకేజీ లెక్కను మొదటిసారి కాగితం మీద వేసి చూసుకుంటే, బెలూన్లకూ పేరు రాసిన బ్యానరుకూ రూ.2,600, మనుషుల కూలికీ ఆటోకూ రూ.2,900, స్టాండు, తెర, లైట్లకు రూ.1,500, నాకు మిగిలేది రూ.1,500 అని తేలింది. అంటే మర్నాడు చెత్తబండిలోకి పోయే వస్తువులకు మీరు చెల్లిస్తున్నది నా లాభం కన్నా ఎక్కువ.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. అలంకరణకు వాడే థర్మాకోల్‌ను, బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలను, ప్లాస్టిక్ ప్లేట్లను, గ్లాసులను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించినా, పాత సరుకు పారేయడానికి మనసు రాక థర్మాకోల్ అక్షరాలను కొన్నాళ్ళు వాడాం. ఇప్పుడు ఒక్కటి కూడా లేదు. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెను అక్షరాలుగా కోసి, మైదా జిగురుతో రంగు కాగితం అంటిస్తే అంతకన్నా గట్టిగా నిలుస్తాయి.

మేము లేకుండా వేడుక ఎలా అని అడిగేవారికి, కొర్లగుంటలో ఒక కుటుంబం తమ పాప ఐదో పుట్టినరోజుకు చేసిన తిరునాళ్ళ గురించి చెప్పాలి. మా దగ్గర రూ.850 అద్దె సామాను తీసుకుని, మిగతాదంతా రూ.1,350లో ముగించారు. బట్టలారేసే తీగ మీద రెండు పాత పట్టుచీరలు పరిచి అంగళ్ళు కట్టారు. ఒక అంగట్లో బొరుగుల మసాలా, ఇంకొకదానిలో గోలీసోడా, మూడోదానిలో స్టీలు గ్లాసుల మీదికి ప్లాస్టిక్ గాజులు విసిరే ఆట. పాత పెళ్ళిపత్రికల వెనుక వైపు కత్తిరించి, ఒక్కో పిల్లకు పది చీటీలు ఇచ్చారు. స్వామి బొమ్మ ఉన్న అట్టను మాత్రం కాళ్ళ కింద పడుతుందని కత్తిరించకుండా వాళ్ళ అవ్వ పక్కన పెట్టించింది. ఆటలో గెలుచుకున్న బొమ్మలే ఇంటికి తీసుకెళ్ళే బహుమతులు కావడంతో ఆ ఖర్చు కూడా విడిగా పడలేదు.

ఇది చూసి మరొకరు గంగజాతర వేషాలతో పార్టీ చేద్దామన్నారు. నేను వద్దన్నాను. బైరాగి, తోటి, దొర, మాతంగి వేషాలు తాతయ్యగుంట గంగమ్మకు జనం తీర్చుకునే మొక్కులు; వాటిని నేను అద్దెకు ఇవ్వలేను. జూన్‌లో అయితే మామిడాకుల తోరణాలు, ఉప్పూ కారం చల్లిన తోతాపురి ముక్కలతో మామిడితోట వేడుక చేసుకోవచ్చు, దానికి మా అవసరమే లేదు.

కొత్త అద్దెలు రోజుకు ఇలా ఉంటాయి: ఇనుప స్టాండు రూ.400, తెర రూ.250, సీరియల్ లైట్లు సెట్టుకు రూ.100. తిరిగిచ్చే డిపాజిట్ రూ.1,000. మర్నాడు పదకొండు లోపల సామాను దుకాణానికి చేర్చాలి. బెలూన్లు కావాలంటే అమ్ముతాం, కానీ పొద్దు వాలాక నిండా ఊదకుండా కట్టుకోండి. పాత ప్యాకేజీకి అడ్వాన్సు ఇచ్చినవారికి మాట ప్రకారం చేసి పెడతాం, వద్దనుకుంటే మొత్తం వాపసు ఇస్తాం.

చివరిగా, మీలో చాలామంది అడిగే కలంకారీ తెర శ్రీకాళహస్తి కలం పని కాదు, అచ్చు వేసిన బట్ట. దాని కుడి మూలన పసుపు మరక కూడా ఉంది, ఎంత ఉతికినా పోలేదు. అందుకే అది సగం అద్దెకే.