పెద్ద కోళ్లున్న ఇంటికి మా కోడిపిల్లల్ని తీసుకెళ్లేవారికి

గ్రామప్రియ, వనరాజా రకం కోడిపిల్లలతోపాటు మేమిచ్చిన చీటీలో ‘ఆరు వారాల పిల్లల్ని వారం విడిగా ఉంచి, రాత్రిపూట పెద్ద కోళ్ల గూట్లో వదలండి’ అని ఉంది. ఆ చీటీ చింపేయండి. తప్పు సలహా, తప్పు మాదే. పొడిపించుకుని చచ్చిన పిల్లల గురించి వచ్చిన ఫోన్లలో ఎక్కువ భాగం ఆ చీటీని నమ్మినవారివే.

ఆరు వారాల పిల్ల ఈకలతో నిండుగా కనిపిస్తుంది గానీ, పెద్ద పెట్ట బరువులో సగం కూడా ఉండదు. పైగా ఆ వయసుకు దాని టీకాలు పూర్తికావు. మేం ఇచ్చేనాటికి మారెక్స్, లసోటా, గంబోరో టీకాలు పడి ఉంటాయి. కొక్కెర రోగం (రాణీఖేత్) నుంచి అసలైన రక్షణ ఇచ్చే ఆర్2బి టీకా ఎనిమిదో వారంలో మీరే వేయించాలి. రెక్క కింద చర్మంలోకి అర మిల్లీలీటరు. వేసిన రెండు మూడు రోజులు పిల్లలు మందకొడిగా ఉంటాయి. ఆ వారంలో కలపకండి, నీరసంగా ఉన్నదాన్నే పెట్టలు ముందు పట్టుకుంటాయి. అంచేత కలిపే వయసు పది నుంచి పన్నెండు వారాలు అనుకోండి.

తెచ్చిన మొదటి మూడు వారాలు పెరట్లో అటు చివర ఉంచండి. తాగే గిన్నె వేరు, అక్కడికి వెళ్లే చెప్పులు కూడా వేరు. మా షెడ్డులో ఊక మీద పెరిగిన పిల్లలు మీ కోళ్లకు రోగం తేవచ్చు, మీ నేలలోని కాక్సీడియా (పేగుల్లో చేరి నెత్తురు రెట్ట తెచ్చే సూక్ష్మజీవి) మా పిల్లలకు అంటవచ్చు. రెట్టలో నెత్తురు కనిపిస్తే ఆ రోజే పశువైద్యుణ్ణి అడిగి ఆంప్రోలియం మందు మొదలుపెట్టండి. రెక్కల కింద, ముడ్డి దగ్గర పేలున్నాయేమో అప్పుడప్పుడు ఈకలు విప్పి చూడండి.

తర్వాత పెద్ద కోళ్ల ఆవరణలోనే ఒక మూల అరంగుళం కన్నం జాలీతో తడిక కట్టి, పిల్లల్ని అటువైపు ఉంచండి. మామూలు కోళ్ల వల పనికిరాదు. పిల్ల అందులోంచి తల బయట పెడుతుంది, పెట్ట సరిగ్గా నెత్తి మీద పొడుస్తుంది. జాలీకి ఇటూ అటూ ఆనుకునేలా మేత పళ్లాలు పెడితే ఒకదాన్నొకటి చూస్తూ తినడం అలవాటవుతుంది. దీనికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది. పెట్టలు జాలీ దగ్గర మెడ ఈకలు రిక్కించడం మానేశాయంటే పని అయినట్టు.

కలిపే రోజు గూట్లో కాదు, బయట వదలండి. ముందు పిల్లల్ని, తర్వాత పెట్టల్ని, పొద్దుగుంకడానికి గంట ముందు. చీకటి పడేసరికి పెట్టలు మెట్టెక్కే తొందరలో పడి గొడవ ఆపుతాయి. రాత్రి గూట్లో కలిపితే తెల్లవారాక తలుపు తీసేదాకా ఆ పిల్లలకు పారిపోయే చోటే ఉండదు. పాత చీటీలో మేం రాయాల్సి ఉండీ రాయనిది అదే. పెరట్లో గోడకు పాత తలుపో రేకో వాల్చండి, రెండు వైపులా దారి ఉండాలి. ఒకే దారి ఉన్న మూల ఉచ్చు లాంటిది.

నెత్తి మీద ఒక పోటు పొడిచి వదిలేస్తే పట్టించుకోకండి, ఎవరు పైనో ఎవరు కిందో తేల్చుకోవడం అది. నెత్తురు చిందినా, కింద తొక్కిపట్టి పొడుస్తున్నా విడదీయండి. అయితే తీయాల్సింది పిల్లను కాదు, పొడిచే పెట్టను. నాలుగు రోజులు వేరే గంప కింద ఉండి వస్తే అదే కొత్తదవుతుంది. గాయపడ్డ పిల్లకు జెన్షన్ వయొలెట్ (ఊదారంగు గాయం మందు) పూయండి. ఎరుపు కనిపిస్తే మిగతావీ వచ్చి పొడుస్తాయి.

బయటికి కనిపించని దెబ్బ ఆకలి. రాత్రి పిల్లను పట్టుకుని మెడ కింద మేత సంచి తడిమి చూడండి. నిమ్మకాయలా నిండుగా తగిలితే తింటోంది. మెత్తగా ఖాళీగా ఉంటే పెట్టలు దాన్ని పళ్లెం దగ్గరికి రానివ్వడం లేదు. పళ్లాలు పది అడుగుల దూరాన రెండు మూడు చోట్ల పెట్టండి. లేయర్ మేత (గుడ్లు పెట్టే కోళ్లది) మాత్రం వద్దు, అందులో కాల్షియం పిల్లకు కావాల్సినదానికి మూడింతలకు పైనే, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అన్నిటికీ గ్రోయర్ మేతే (ఎదిగే పిల్లలది) వేసి, గుడ్లు పెట్టేవాటికి ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో పెట్టండి.

ఇక అమ్మకం సంగతి. పెద్ద కోళ్లున్నవారికి ఇకపై నాలుగుకు తక్కువ పిల్లలు ఇవ్వం. ఒక్కటే వెళ్తే పోట్లన్నీ దాని మీదే పడతాయి. ఒక రోజు వయసు పిల్లలు కావాలంటే మీ పెట్ట పొదగడం మొదలుపెట్టి కనీసం రెండు వారాలు అయి ఉండాలి. రాత్రి గుడ్లు తీసి పిల్లల్ని కింద పెడితే చాలావరకు తనవే అనుకుంటుంది. తెల్లారేసరికి పొడుస్తుంటే మాత్రం పిల్లల్ని తీసి బల్బు కింద పెంచండి. పెట్ట పిల్లల్ని ఒప్పుకుంటే పైన చెప్పిన తతంగం అక్కర్లేదు, వాటి కోసం మిగతా కోళ్లతో కొట్లాడేది ఆ పెట్టే. మూడు రోజులు దాటిన పిల్లలకు ఈ పద్ధతి నడవదు. పందెం జాతి పెట్టలున్న ఇళ్లకు మాత్రం కలపమని చెప్పలేం, శాశ్వతంగా వేరే ఆవరణ కట్టుకోండి.

గాయపడ్డ పిల్లల్ని వెనక్కి తీసుకోమని అడుగుతున్నారు. తీసుకోం. మీ పెరటి నేల తొక్కిన పిల్ల మా షెడ్డులోకి తిరిగి వస్తే, అక్కడున్న మిగతా పిల్లలన్నిటికీ ముప్పు. పాత చీటీ ప్రకారం వదిలి నష్టపోయినవారు బిల్లు చూపిస్తే వచ్చే విడతలో అన్నే పిల్లలు ఉచితంగా ఇస్తాం. ఆ పిల్లల్ని ఎనిమిది వారాలు పెంచి, ఆర్2బి మేమే వేయించాకే ఇస్తాం.