బ్రౌన్ తీర్పు వెనకాల ఒక పల్లె స్కూలు ఉంది

ఎడిటర్ గారికి నమస్కారం,

అమెరికా స్కూళ్లలో నల్లవాళ్లని, తెల్లవాళ్లని వేరు చెయ్యడం చెల్లదన్న బ్రౌన్ తీర్పు మీద మీ పేపర్లో వ్యాసం చదివానండీ. బాగానే ఉంది గానీ మొత్తం లాయర్లూ జడ్జీల చుట్టూనే తిరిగింది, పిల్లల ఊసే లేదు. 1954 మే 17 నాటి ఆ తీర్పులో నాలుగు రాష్ట్రాల కేసులు కలిసి ఉన్నాయి, వాటిలో వర్జీనియా కేసుకి మూలం ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) అనే పొగాకు పండించే పల్లె ప్రాంతంలో ఒక హైస్కూలు, పదహారేళ్ల అమ్మాయి.

ఆ కౌంటీలోని ఫార్మ్‌విల్ ఊళ్లో నల్లజాతి పిల్లలకున్న ఆ మోటన్ హైస్కూల్‌ని 1939లో 180 మంది కోసం కట్టారు, 1951 నాటికి 450 మంది దాటిపోయారు. జిమ్ లేదు, క్యాంటీన్ లేదు. చోటు చాలట్లేదు మొర్రో అని తల్లిదండ్రులు తిరగ్గా తిరగ్గా కౌంటీ వాళ్లు చెక్కలకి తారు కాగితం కొట్టి షెడ్లు వేసిచ్చారు, దూరం నుంచి చూస్తే అచ్చం కోళ్ల ఫారంలా ఉండేవట. లోపల ఒక ఇనప స్టవ్, దాని పక్కన కూర్చున్నవాళ్లకి చెమటలు, వెనక కూర్చున్నవాళ్లు కోటు విప్పే పని లేదు, వాన పడితే క్లాసులోనే గొడుగు. 1896లో సుప్రీంకోర్టు విడివిడిగా ఉన్నా సమానంగా ఉంటే చాలు అంది కదా, ఆ సమానం ఇదన్నమాట!

1951 ఏప్రిల్ 23న బార్బరా జాన్స్ అనే ఆ అమ్మాయి, ఇంకొంతమంది పిల్లలు కలిసి, మీ స్టూడెంట్స్ బస్టాండు దగ్గర గొడవలో ఇరుక్కున్నారని ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేయించి ఆయన్ని బయటికి పంపేశారు, తర్వాత ఆయన పేరు మీదే క్లాసులకి చీటీలు పంపి అందర్నీ హాల్లోకి రప్పించారు. స్టేజీ మీద ప్రిన్సిపాల్ ఉంటాడనుకుంటే బార్బరా ఉంది. టీచర్లని బయటికి వెళ్లమని చెప్పి స్ట్రైక్ ప్రకటించింది, రెండు వారాలు నడిచింది. పాపం ఆ ప్రిన్సిపాల్‌కి ఏమీ తెలియకపోయినా తర్వాత ఉద్యోగం పోయింది, బార్బరాని ఇంట్లోవాళ్లు భయపడి అలబామాలో తండ్రి సోదరుడి దగ్గరికి పంపేశారు.

పిల్లలు అడిగింది మంచి బిల్డింగే. నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడే ఎన్‌ఏఏసీపీ అనే సంస్థ లాయర్లు ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ వచ్చి, బిల్డింగ్ కోసమైతే మేం రాం, అసలు ఈ వేరుచేయడమే పోవాలంటే కేసు వేస్తాం అన్నారు, పిల్లలూ పెద్దలూ సరేనన్నారు. మే 23న డొరొతీ డేవిస్ అనే ఇంకో స్టూడెంట్ పేరు మీద కేసు పడింది.

మీ వ్యాసం 1954 దగ్గర ఆగిపోయింది, నాకు బాధేసింది అక్కడే. ఇంక తప్పదు, కలిపే చదివించాలి అని 1959లో కోర్టు తేల్చేసరికి ఆ కౌంటీ వాళ్లు ఏం చేశారో తెలుసా, స్కూళ్లకి డబ్బులు ఇవ్వడం మానేసి మొత్తం ప్రభుత్వ స్కూళ్లకి తాళం వేసేశారు. తెల్ల పిల్లలకి ప్రైవేట్ అకాడమీ పెట్టుకున్నారు, దానికి కొన్నాళ్లు ప్రభుత్వ గ్రాంట్లు కూడా వెళ్లాయి. నల్ల పిల్లలకి చర్చిల్లో ఏదో కాస్త చదువు, కొందరు బంధువుల ఊళ్లకి పోయారు, కొందర్ని క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ వాళ్లు వేరే రాష్ట్రాల్లో తెలియని కుటుంబాల్లో పెట్టి చదివించారు, మిగిలినవాళ్లు పొలాల్లోకే. ఈ తాళాల మీద నడిచిన గ్రిఫిన్ కేసులో 1964లో సుప్రీంకోర్టు మళ్లీ మొట్టికాయ వేస్తే గానీ తాళాలు తియ్యలేదు, అంటే ఐదేళ్లు! ఆరేళ్లకి బడిలో చేరాల్సినవాడు పదకొండేళ్లకి అఆలు మొదలుపెట్టాడన్నమాట. గెలిచిన కేసు అండీ ఇది.

అలా చదువు పోయినవాళ్లకి వర్జీనియా ప్రభుత్వం స్కాలర్‌షిప్ పెట్టింది ఎప్పుడనుకున్నారు, 2004లో. అప్పటికి వాళ్లలో చాలామంది తాతయ్యలు, అమ్మమ్మలు అయిపోయి ఉంటారు. ఆ పాత మోటన్ స్కూలు ఇప్పుడు మ్యూజియం. ఈసారి బ్రౌన్ తీర్పు గురించి వేస్తే ఆ తాళం వేసిన ఐదేళ్లకి ఒక పేజీ ఇవ్వండి, తీర్పు ఫొటో చిన్నది చేసినా పర్లేదు.

ఇట్లు,
మీ పాఠకుడు