మంత్రి గారూ, తొమ్మిది మందికి ఒకటే మీటర్ ఉంటే మేం ఉన్నోళ్ళమైపోయినమా?

మంత్రి గారికి నమస్కారం.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర చిన్న కిరాణ షాపు నడుపుకునే దాన్ని రాస్తున్న సార్. సోమవారం సోమవారం కలెక్టర్ ఆఫీసుల ప్రజావాణికి పోయి లైన్ల నిలబడి ఇచ్చిన అర్జీలు మీ దాక వచ్చినయో లేదో తెల్వదు, రసీదులైతే గల్లపెట్టెల మస్తుగ జమైనయ్. అందుకే ఇగ అందరు సదివేటట్టు ఇక్కడ రాస్తున్న. పథకాల గురించి మీకు కొత్తగ చెప్పేదేముంది, పెట్టిందే మీరు. నేను అడిగేది లెక్క గురించి.

బియ్యం ఇచ్చేటప్పుడు మనుషులను లెక్కవెడ్తరు. మనిషికి 6 కిలోల సన్నబియ్యం, బరాబర్ ఉన్నది, ఎవ్వరికీ పేచీ లేదు. కరెంటు కాడికి రాంగనే మనుషులు మాయమైతరు, మీటర్ ఒక్కటే కనవడ్తది, నెలకు మీటర్‌కు 200 యూనిట్ల దాక ఫ్రీ. గ్యాస్ కాడ కనెక్షన్ లెక్క. ముసలోళ్ళ పింఛన్ కాడ ఇంటికి ఒక్కళ్ళే, మా మామకు వస్తది, అత్తమ్మకు రాదు, ఆమె ముసల్ది కానట్టు. ఇగ రేషన్ కార్డుకు ఏడాది ఆదాయం చూసేటప్పుడు మాత్రం ఇంట్ల ఎంతమంది కష్టం చేస్తే అంతమందిదీ ఒక్క కుప్ప వేసి 2 లక్షలు దాటిందా అని చూస్తరు. గవర్నమెంట్ ఒకటే కదా సార్, ఇచ్చేటప్పుడు ఒక లెక్క, చూసేటప్పుడు ఇంకో లెక్క ఎందుకు?

మా ఇంట్ల తొమ్మిది మందిమి ఉంటం. మామ, అత్తమ్మ, మేం నలుగురం, మరిది, తోటికోడలు, వాళ్ళ పిల్లగాడు. ఒకటే పొయ్యి, ఒకటే మీటర్. షాపుకు కమర్షియల్ మీటర్ వేరే ఉన్నది, దాని బిల్లు నెలనెలా కడ్తనే ఉన్న, ఆ ముచ్చట ఇక్కడ లేదు. ఇంటి మీటర్ చలికాలంల 170, 180 తిరుగుతది, జీరో బిల్లు వస్తది, మీకు దండం. మార్చి సగం కాంగనే మొదలైతది అసలు కథ. వరంగల్ ఎండలు మీకు తెల్వనియి కావు. రేకుల రూములు రెండు ఉన్నయి, ముసలోళ్ళున్నరు, రెండు కూలర్లు వెయ్యక తప్పదు. ఏప్రిల్ల 240 వస్తది. పైన ఉన్న 40 యూనిట్లకు కట్టుమంటే నోరు మూసుకొని కడ్తం సార్. కానీ 200 దాటిందంటే మొత్తం మీద బిల్లు ఏస్తరు కదా. మొదటి 200కు యూనిట్‌కు 5 రూపాయల 10 పైసల చొప్పున 1,020, ఆ పైన 40కు 7 రూపాయల 70 పైసల చొప్పున 308, రెండు కలిపి 1,328, దాని మీద మళ్ళ ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, డ్యూటీ. 200 కాడ ఆగితే సున్న, 201 అయితే వెయ్యి దాటుతది. దేశంల ఇంత పిరమైన యూనిట్ ఇంకోటి ఉన్నదా చెప్పుండ్రి.

రీడింగ్‌కు నాలుగు రోజులు ఉందనంగ మా ఇంట్ల కర్ఫ్యూనే. మామ పొద్దుగాల లేవంగనే మొహం కడుక్కోకముందే టార్చ్ పట్టుకొని మీటర్ సదువుతడు, కిందటి నెల రీడింగ్ గోడ మీద సుద్దతోని రాసిపెట్టుకున్నడు, తీసేసి "ఇగ పదకొండే ఉన్నయ్" అంటడు. అంతే, కూలర్లు బంద్, ఇస్త్రీ పెట్టె బంద్, పిండి గిర్నీకి పోతది, అందరం డాబా మీదికి. తోటికోడలు పిల్లగాడికి చెమటకాయలు లేసి రాత్రంత ఏడుస్తడు, ఆమె విసనకర్ర ఊపుకుంట కూసుంటది. ఒక్కోసారి గింత చేసినా 206 వస్తది. అప్పుడు ఇంట్ల ఎవ్వలు ఎవ్వలితోని మాట్లాడరు.

మా పక్క బిల్డింగుల కిరాయికున్న మొగుడు పెండ్లాలు ఇద్దరే మనుషులు. సెకండ్ హ్యాండ్ ఏసీ ఉన్నది, 190 వరకు కాలుస్తరు, జీరో బిల్లు. వాళ్ళ మీద నాకు ఏ కోపం లేదు, మంచి పిల్ల, నా షాపుల్నే సామాన్ తీస్కపోతది, వాళ్ళకు తీసేయమని కూడా చెప్తలేను. లెక్క చూడుండ్రి అంటున్న. వాళ్ళకు మనిషికి 95 యూనిట్లు ఫ్రీ. మేం మనిషికి 27 కూడా కాల్చలేదు, మాకు పదమూడు వందలు బిల్లు.

ఇది చెప్తే ఆఫీసుల ఒకాయన ఏమన్నడో తెల్సా, "వేరు వడుండ్రమ్మా, రెండో మీటర్ తీసుకోండ్రి" అన్నడు. నవ్వుకుంట అన్నడు గానీ నిజంగనే అన్నడు. సరే అని దానికి పోతే, వేరే పోర్షన్ ఉండాలె, వేరే దారి ఉండాలె, వేరే కాగితాలు ఉండాలె అన్నరు. రేషన్ కార్డుల మరిదోళ్ళను వేరు చేద్దమని అప్లికేషన్ పెడ్తే ఎంక్వయిరీకి వచ్చినాయన సక్కగ వంటింట్లకు వచ్చి "పొయ్యి ఒకటే ఉన్నది కదా, మరి వేరెట్ల అయితరు" అన్నడు. ఒకాయన వేరు వడుమంటడు, ఇంకొకాయన ఎందుకు వేరు వడ్తలేరు అంటడు. మీ దయ వల్ల అన్నదమ్ములు ఆస్తి కోసం కాదు, కరెంటు కోసం కొట్లాడుకునే రోజు వస్తది సార్. మా అత్తమ్మ ఆ రోజు పొయ్యి పక్కన నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు, ఆయన పోయినంక మాత్రం సాయంత్రం దాక తిట్టింది, ఎవరిని తిట్టిందో రాయను.

నేను ఇన్నేండ్లు షాపుల కూసుంటున్న, ఉద్దెర ఖాతా రాస్తున్న. ఏ ఇంట్ల పైస ఎటు పోతదో నా బుక్కుల ఉన్నట్టు మీ ఏ సర్వేల ఉండదు. మార్కెట్ హమాలీల ఇండ్లు చూడుండ్రి. సాయంత్రం కూలి చేతికొస్తది, రాత్రికే ఖర్చు, పది రూపాయల నూనె, అయిదు రూపాయల కారం, సర్ఫ్ చిన్న ప్యాకెట్. కిలో చొప్పున లెక్క చూస్తే పెద్ద ప్యాకెట్ తీసుకున్నోని కన్నా వీళ్ళే ఎక్కువ కడ్తరు, నేనే అమ్ముత కాబట్టి నాకు తెల్సు. పత్తి, మిర్చి సీజన్ల పాత బాకీ కడ్తరు, వానాకాలం మళ్ళ బుక్కు నిండుతది. గల్ఫ్‌కు పోయినోళ్ళ ఇండ్లల్ల పైసలు వచ్చిన వారం పెద్ద లిస్టు, ఆ తర్వాత రెండు నెలలు ఆమె మా గల్లీకే రాదు. కొడుకులు హైదరాబాద్ల ఉన్న ముసలోళ్ళు ఇద్దరు ఉన్నరు, పింఛన్ రాంగనే ముందు బీపీ, షుగర్ గోళీలు, తర్వాత పాల ప్యాకెట్, మిగిలితేనే నా దగ్గరికి వస్తరు. ఒంటరి ఆడామె ఒకామె బీడీలు చేస్తది, ఒక్కతే మనిషి అయినా రూము కిరాయి ముగ్గురు ఉన్నోళ్ళతోని సమానం, ఆమెకు మీరిచ్చే 6 కిలోల కన్నా ఆ కిరాయిల సగం ఇచ్చినా ఏడుపు ఆగేది.

మా అసొంటి పెద్ద ఇల్లు ఇంకో తీరు. బస్తాల లెక్క తెస్తం, నూనె డబ్బా తెస్తం, చింతపండు ఏడాదికొకసారి, పచ్చడికి చపాట మిర్చి మార్కెట్ల నుంచే. ఒక పొయ్యి మీద తొమ్మిది మందికి వండితే మూడు పొయ్యిల కన్నా గ్యాస్ తక్కువ పడ్తది, ఒక్క ఫ్రిజ్ సరిపోతది. కలిసి ఉంటే మిగులుతది అనే కలిసి ఉన్నం. ఆ మిగిలింది ఏడికి పోతది అంటే మీ 201వ యూనిట్‌కు పోతది.

సన్నబియ్యం వచ్చినంక నా షాపుల బియ్యం అమ్ముడువోతలేవు, అది నాకు నష్టమే, అయినా మంచి పనే అంటున్న. ఎందుకంటే ఆ పైసలు జనం దాచుకుంటలేరు, గుడ్లకు, పాలకు, పిల్లల బిస్కెట్లకు పోతున్నయి. మా బిడ్డ గ్రూప్స్‌కు ప్రిపేర్ అయితున్నది, సెంట్రల్ గవర్నమెంట్ ఖర్చుల సర్వేల కూడా ఇదే ఉన్నదని చూపించింది. దేశం మొత్తంల ఊర్లల్ల 2011-12ల నూరు రూపాయలు ఖర్చు పెడ్తే బియ్యం గోధుమలు అసొంటి వాటికి పది రూపాయల పైన పోయేదట, 2022-23కు అయిదు రూపాయలకు దిగిందట. 2023-24 సర్వేల మనిషికి నెల ఖర్చు ఊర్లల్ల 4,122, పట్నాలల్ల 6,996 అని ఉన్నది. ఇంటి ఖర్చును ఇంట్ల ఉన్న మనుషులతోని భాగిస్తే ఆ లెక్క వస్తదని కూడా బిడ్డనే చెప్పింది. చూసిన్రా, సర్వే చేసేటోళ్ళకు కూడా తెల్సు మనుషులతోని భాగించాలె అని!

మరి మీ 2 లక్షలను భాగించుండ్రి. నెలకు 16,666. ఇద్దరున్న ఇంట్ల మనిషికి 8,333. మా ఇంట్ల మనిషికి 1,850. ఇద్దరికీ గీత ఒక్కటే. మరిదికి రేపు ఏదన్న చిన్న ప్రైవేట్ జాబు దొరికితే మా కార్డు పోతది, తొమ్మిది మంది బియ్యం పోతయి, జీరో బిల్లు పోతది, గ్యాస్ పోతది. అందుకే మా ఇంట్ల మంచి జీతం అనే మాట వింటే సంతోషం కన్నా ముందు భయమైతుంది.

గ్యాస్ ముచ్చట జల్ది చెప్త. 500 సిలిండర్ అన్నరు, మొత్తం పైసలు ముందు మేమే కట్టాలె, తర్వాత అకౌంట్ల పడ్తయి, సరే పడ్డప్పుడు పడ్తయి. కానీ ఏడాదికి ఎన్ని అంటే అంతకుముందు మూడేండ్లల్ల వాడిన దాని సగటు అంట. ఆ మూడేండ్లు నేను సగం వంట పత్తికట్టె మీద చేసిన సార్, గ్యాస్ కొనలేక. అప్పుడు కొనలేకపోయిన దానికి ఇప్పుడు తక్కువ ఇస్తున్నరు, గ్యాస్ ఎక్కువ వాడిన ఉన్నోళ్ళకు ఎక్కువ వస్తయి. ఈ రూల్ రాసినాయన ఏనాడన్న పొయ్యి ఊదిండా?

ఆడోళ్ళకు నెలకు 2,500 అన్నరు. మా ఇంట్ల పెండ్లయిన ఆడోళ్ళం ముగ్గురం ఉన్నం, అప్పుడు కూడా ఇంటికి ఒక్కళ్ళే అంటరో ఏమో, ముందు ఇస్తే కదా తెలిసేది. ముసలోళ్ళకు 4,000 అన్నరు, మామకు ఇంకా 2,016 వస్తుంది. ఫ్రీ బస్సు మాత్రం వాడుకుంటున్న, నర్సంపేట తల్లిగారింటికి పోయివస్తున్న, అబద్ధం ఎందుకు. మా ఆయనది ఆటో, నాకు మిగిలిన కిరాయి ఆయన గిరాకీల తగ్గింది, ఆటోవాళ్ళకు ఏడాదికి 12,000 అన్నది ఏమైందో ఆయన అడుగుమన్నడు, అడుగుతున్న.

2023 డిసెంబర్ల ప్రజాపాలన అని ఫారాలు తీసుకున్నరు, కుటుంబానికి ఒకటే ఫారం అంటే తొమ్మిది మందిమి ఒక్కదాంట్ల ఇరుక్కొని రాసినం. 2024 నవంబర్ల ఇంటింటి సర్వే అని 75 ప్రశ్నలు అడిగిన్రు, గంట సేపు కూసున్నరు, చాయ్ పోసినం, ఎవ్వలు ఏం పని చేస్తరు, అప్పు ఎంత, అన్నీ చెప్పినం. మా ఇంట్ల ఎంతమందిమో మీకు తెల్వదు అనే మాట ఇగ చెల్లదు. మీ కంప్యూటర్లనే ఉన్నది, మా అందరి ఆధార్ నంబర్లతోని సహా.

నేను అడిగేది పెద్దది కాదు. బియ్యానికి ఏ లెక్కో కరెంటుకు కూడా అదే లెక్క పెట్టుండ్రి, ఇంట్ల ఇంతమంది ఉంటే ఇన్ని యూనిట్లు అని. అది కాకుంటే 200 పైన కాలిన దానికే బిల్లు వెయ్యండ్రి, కిందిది ముట్టకుండ్రి. అదీ కాకుంటే ఎండాకాలం మూడు నెలలన్న పెంచుండ్రి. ఆ 2 లక్షల గీత మనుషుల లెక్క పెట్టుండ్రి. మరిదోళ్ళ కార్డు అయినా వేరు చేయండ్రి, పొయ్యి వేరు లేదని ఆపకుండ్రి. అత్తమ్మ పింఛన్. ఏదో ఒకటి చెయ్యండ్రి సార్, అన్నీ అడిగితే ఒక్కటన్న అయితదేమో అని అన్నీ రాసిన.

ఒక్కటే మనవి. కిందటిసారి లెక్క "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది" అని ఫోన్‌కు మెసేజ్ పంపి చేతులు దులుపుకోకుండ్రి. ఆ మెసేజ్ వచ్చిన నాడే లైన్‌మెన్ వచ్చి బిల్లు కట్టకుంటే ఫ్యూజ్ తీస్త అన్నడు.

ఇట్లు,
ఎనుమాముల, వరంగల్ నుంచి
తొమ్మిది మంది ఇంటి పెద్ద కోడలు