బావి మెట్టు మీద లెక్క

అనంతపురం,
ఆదివారం రాత్రి.

చిరంజీవి నానికి అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరమూ కులాసా. మొన్న రాత్రి అరగంట సేపు వాన పడింది గానీ, చేను పదునెక్కలేదని మీ నాయన దిగులుపడుతున్నారు. జేజికి మోకాళ్ల నొప్పులు కొంచెం తగ్గాయి. బుజ్జి రేపు విశాఖపట్నానికి తిరిగి బయలుదేరుతున్నాడు కాబట్టి ఓళిగలూ శనక్కాయల పొడీ వాడి చేతికిచ్చి, డబ్బాతో పాటు ఈ ఉత్తరం కూడా పెడుతున్నాను.

రెండు ఆదివారాలుగా నువ్వు ఫోను చేయలేదు. పని ఒత్తిడి అనుకున్నాను. నువ్వు తెల్లవారుజామున ఎవరూ లేని వేళ ఈతకొలనులో దిగి, అడుగున ఊపిరి బిగబట్టి కూర్చుంటున్నావనీ, మూడు నిమిషాలు దాటించావనీ బుజ్జి గొప్పగా చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నిన్ను మానుకోమని చెప్పడానికి రాయడం లేదు. పెన్నలో నీళ్లు పారితే పండగలా చూడటానికి పోయే ఊళ్లో పుట్టినవాడికి సముద్రం అడుగు చూడాలన్న కోరిక కలగడం తప్పు కాదు. ఒంటరిగా చేస్తున్నావన్నదే నా బాధ. మీ చిన్నమామ సంగతి నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను, ఓపికగా చదువు.

మా తాత మోటబావిలో ఆ ఏడు మూడు నిలువుల నీళ్లుండేవి. నడుముకు బెండ్లు కట్టుకొని ఈత నేర్చిన పిల్లలందరికీ ఎండాకాలం పందెం ఒకటే: అడుగుకు మునిగి పిడికెడు మట్టి తేవాలి, ఎక్కువ సేపు లోపల ఉన్నవాడు గెలిచినట్టు. నాకు ఈత రాదు కాబట్టి మెట్టు మీద కూర్చొని ఒకటి, రెండు అని గట్టిగా లెక్కపెట్టడం నా పని. చిన్నమామకు అప్పుడు పద్నాలుగేళ్లు. దూకే ముందు కొలిమి తిత్తిలాగా ఇరవై ముప్పై సార్లు గబగబా ఊపిరి తీసి వదిలేవాడు, అలా చేస్తే ఎక్కువ సేపు ఆగవచ్చని ఎవరో చెప్పారట. ఆ రోజు నేను డెబ్బై అనేసరికి వాడి తల పైకి వస్తూ కనిపించింది. అందరూ కేకలు వేశారు. నీటి మట్టానికి జానెడు కిందికి వచ్చాక వాడి పిడికిలి విచ్చుకుంది, అందులోని నల్లమట్టి పొగలాగా నీళ్లలో పరుచుకుంది, తల మళ్లీ మెల్లగా కిందికి దిగసాగింది. నేను అది కళ్లారా చూస్తూనే డెబ్బై మూడు, డెబ్బై నాలుగు అని లెక్కపెడుతూ ఉన్నాను, నాయనా. పెద్దమామ దూకి జుట్టు పట్టి లాగకపోతే ఇంకా లెక్కపెడుతూనే ఉండేదాన్నేమో. మెట్టు మీదికి చేర్చేసరికి పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. నోట్లో నోరు పెట్టి ఊదాలని మాలో ఎవరికీ తెలియదు. చెంపలు తట్టి పేరు పెట్టి పిలిస్తే గుర్రుమని ఊపిరి తీశాడు. కళ్లు తెరిచి, "ఎంత దాకా లెక్కపెట్టావక్కా?" అని అడిగాడు. స్పృహ తప్పిన సంగతే వాడికి తెలియలేదు. తానే పైకి ఈదుకొచ్చానని ఈ రోజుకూ అంటాడు.

అలా ఎందుకు జరిగిందో నర్సు చదువుకు వెళ్లాకే నాకు అర్థమయింది. ఊపిరి తీయాలన్న తహతహ ముఖ్యంగా ఆక్సిజన్ తగ్గినందుకు పుట్టదు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకు పుడుతుంది. ఆరోగ్యవంతుడి రక్తంలో ఆక్సిజన్ ముందే దాదాపు నిండుగా ఉంటుంది కాబట్టి గబగబా ఊపిరి తీయడం వల్ల అది పెద్దగా పెరగదు. కార్బన్ డయాక్సైడ్ మాత్రం బయటికి పోతుంది. అంటే దొంగ వచ్చే ముందే వాకిట కుక్క నోరు కట్టేసినట్టు. పైగా పది మీటర్ల లోతున పీడనం నీటి పైన ఉన్నదానికి రెట్టింపు ఉంటుంది. పైకి వస్తున్న కొద్దీ అది తగ్గి, ఊపిరితిత్తుల నుంచి రక్తానికి ఆక్సిజన్ అందడం ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే చిన్నమామ అడుగున కాక జానెడు దూరంలో పడిపోయాడు. దానికి ముందు చాలాసార్లు ఏ సూచనా ఉండదు. నాకు ఒంట్లో తెలుస్తుందిలే అని నువ్వు అనుకుంటావని నాకు తెలుసు, కానీ తెలియదు.

సాధన చేయాలంటే పరుపు మీద చెయ్యి. తిన్న వెంటనే కాకుండా, పడుకొని, మామూలుగా ఊపిరి తీసుకుంటూ ఒళ్లు వదులు చేసి, ఆ తరువాతే బిగబట్టు. నీ గరిష్ఠంలో సగం సేపు చొప్పున ఎనిమిది సార్లు బిగబట్టి, మధ్య విరామాన్ని రెండు నిమిషాల నుంచి పదిహేను సెకన్ల వంతున తగ్గించుకుంటూ పోతే, ఆ తహతహను ఓర్చుకోవడం ఒంటికి అలవాటవుతుంది. కళ్లు తిరిగినా, వేళ్లు తిమ్మిరెక్కినా ఆ రోజుకు ఆపెయ్యి. బండి నడుపుతూ గానీ, స్నానాల గదిలో గానీ వద్దు. చిన్నప్పుడు నీకు ఉబ్బసం ఉండేది కాబట్టి ముందు డాక్టరుకు ఛాతీ చూపించు, జలుబు ఉన్న రోజున అసలే మునగవద్దు, నీ ఎడమ చెవి సంగతి నీకు తెలుసు.

నీళ్లలోకి దిగితే పక్కన ఈ విద్య తెలిసిన మనిషి చేతికందే దూరంలో ఉండాలి. ఒకరు మునిగితే ఒకరు పైన ఉండాలి, ఇద్దరూ ఒకేసారి మునగకూడదు. పైకి వచ్చాక కూడా కనీసం ముప్పై సెకన్లు నీ ముఖాన్నే చూస్తూ ఉండాలి, ఎందుకంటే గాలి పీల్చిన తరువాత కూడా స్పృహ తప్పవచ్చు. గట్టు మీద కాపలావాడు ఉంటే చాలదు, అడుగున కదలకుండా ఊపిరి బిగబట్టినవాడూ స్పృహ తప్పినవాడూ దూరం నుంచి ఒకేలా కనిపిస్తారు. 2009లో ఫ్రాన్సుకు చెందిన స్తెఫాన్ మిఫ్సుద్ 11 నిమిషాల 35 సెకన్లు ఊపిరి బిగబట్టాడని పోయిన సంక్రాంతికి నువ్వే నాకు చెప్పావు. అలాంటి పోటీల్లో పక్కన చూసేవాళ్లు లేకుండా ఎవరినీ నీళ్లలోకి దిగనివ్వరని కూడా నీకు తెలిసే ఉంటుంది.

చాలా రాశాను. మీ నాయనకు ఈ విషయం చెప్పలేదు, రక్తపోటు మాత్ర పెంచి నెల కూడా కాలేదు. ఓళిగలు ముందు తిను, పొడి నిలవ ఉంటుంది. తల తడిగా ఉండగా పడుకోవద్దు. నీతో కొలనుకు వచ్చే మనిషి పేరూ ఫోను నంబరూ బుజ్జి డబ్బా ఇచ్చిన రోజే నాకు పంపు. ఎవరూ లేకపోతే, దొరికేదాకా పరుపు మీదే చేసుకో.

మీ అమ్మ