సెన్సర్ల క్యాలిబ్రేషన్ పేరుతో మమ్మల్ని పది వారాలు తిప్పినందుకు ఫిర్యాదు

తిరుపతి

సర్వీస్ విభాగం అధిపతి గారికి,

విషయం: సముద్ర పరిశోధన సెన్సర్ల క్యాలిబ్రేషన్‌లో, అంటే వాటి కొలతలు సరిచూడటంలో, మీ నిర్లక్ష్యం గురించి.

అయ్యా / అమ్మా,

మీరు అయ్యగారో అమ్మగారో నాకు తెలియదు. మీ పేరు చెప్పమని కస్టమర్ కేర్‌ను నాలుగుసార్లు అడిగాను. "పేర్లు చెప్పడానికి మాకు పర్మిషన్ లేదు సార్" అన్నారు. అందుకని ఈ ఉత్తరం మీ కుర్చీకి రాస్తున్నాను. అందులో ఎవరైనా కూర్చుని ఉంటే చదవగలరు.

ఓడ బయల్దేరడానికి పది వారాల ముందే మా టెంపరేచర్ సెన్సర్లను, నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి ఉప్పు ఎంతుందో చెప్పే కండక్టివిటీ సెన్సర్లను పసుపు పెట్టెలో సర్ది, రేణిగుంట నుంచి కొరియర్‌లో మీ బెంగళూరు సెంటర్‌కు పంపాను. మూడు వారాల్లో తిరిగి పంపుతామని మీ కొటేషన్‌లోనే ఉంది. డబ్బు ముందే కట్టాం. పెట్టె ముట్టిందని మెసేజ్ వచ్చింది. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు.

నాలుగో వారం ఫోన్ చేశాను. అన్నీ విన్న అమ్మాయి, "సార్, మీ అడ్రస్ తిరుపతి అని ఉంది. తిరుపతిలో సముద్రం లేదు కదా?" అంది. నిజమే, కొండ కింద అలలు లేవు. కానీ 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట, పులికాట్ వైపు తీరం మా తిరుపతి జిల్లాలోకే వచ్చింది. అదీ చెప్పాను. మేం ఓడెక్కేది చెన్నై రేవులో, కొలిచేది బంగాళాఖాతాన్ని, కూర్చుని లెక్కలు తేల్చుకునేది ఇక్కడ అని కూడా చెప్పాను. "అడ్రస్ వెరిఫికేషన్‌కు పంపిస్తాను సార్" అంది. దానికి తొమ్మిది రోజులు పట్టింది. పదేళ్లుగా మీ బిల్లులు ఇదే అడ్రస్‌కు వస్తున్నాయి. ఒక్కటీ దారి తప్పలేదు.

తర్వాతి ఫోన్‌లో ఒకబ్బాయి. "సెన్సర్ పనిచేస్తోందా సార్?" పనిచేస్తోంది అన్నాను. "మరి కంప్లయింట్ ఏంటి?" ఓపిగ్గా చెప్పాను. గడియారం తిరుగుతూనే ఉంటుంది, కానీ రోజుకు కొంచెం వెనకబడుతుంది చూడు బాబూ, అలాంటిదే ఇది. సముద్రంలో తిరిగిన కండక్టివిటీ సెన్సర్ లోపల సన్నగా పాచి పొర కడుతుంది. దాంతో ఉన్న ఉప్పుకన్నా తక్కువ చూపిస్తుంది. ఎంత తక్కువో తెలియాలంటే ఓడెక్కే ముందొకసారి, దిగాక ఒకసారి సరిచూడాలి, ఆ రెంటి మధ్య తేడాయే మాకు కావాలి అన్నాను. అంతా విని, "అంటే రిపేర్ కాదు కదా సార్" అని టికెట్ మూసేశాడు. కారణం దగ్గర "పరికరం పనిచేస్తోంది" అని రాశాడు. ఫోన్ పెట్టీపెట్టగానే మెసేజ్: మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?

ఇంకో టికెట్ తెరిచాను. ఈసారి టెక్నికల్ టీమ్‌కు కలుపుతున్నామంటే ప్రాణం లేచొచ్చింది. ఆ పెద్దమనిషి ఇచ్చిన సలహా: "ఐసు నీళ్లలో పెట్టి చూడండి సార్, సున్నా చూపిస్తే బాగున్నట్టే."

సెన్సర్లు మీ దగ్గరే ఉన్నాయి కదయ్యా, నేను ఐసులో ఏం పెట్టాలి?

నీటి ట్రిపుల్ పాయింట్, అంటే మంచు, నీరు, ఆవిరి మూడూ కలిసి ఉండే స్థితి, 0.01 డిగ్రీలు. గాలియం అనే లోహం కరిగేది 29.7646 డిగ్రీల దగ్గర. ఇలాంటి వాటితో పోల్చి వెయ్యో వంతు డిగ్రీ వరకూ సరిచూస్తామని చెప్పి డబ్బు తీసుకున్నవాళ్లు మాకు ఐసు గ్లాసు చూపించడమా? ఉప్పు సంగతి నేను అడగలేదు. అడిగితే పులుసు రుచి చూసినట్టు చూడమనేవారేమో.

అక్కడి నుంచి లాజిస్టిక్స్, లాజిస్టిక్స్ నుంచి అకౌంట్స్, అకౌంట్స్ నుంచి మళ్లీ మొదటి అమ్మాయి. మా ఊళ్లో సర్వదర్శనం క్యూలోనూ కంపార్ట్‌మెంట్ తర్వాత కంపార్ట్‌మెంట్ దాటాలి. కానీ అక్కడ మధ్యలో పాలు, ఉప్మా ఇస్తారు, చివర్లో స్వామి కనిపిస్తాడు. దర్శనమంటే గుర్తొచ్చింది. మీ సేల్స్ వాళ్లు తిరుమల వచ్చినప్పుడల్లా రూము కోసం అర్ధరాత్రి నాకే ఫోన్ చేసేవారు. మొదటి రింగుకే ఎత్తాను. ఇంకో కంపెనీ తక్కువ ధరకు ఇస్తానన్న రోజు మా కొనుగోలు కమిటీలో మీ తరఫున గొంతు చించుకున్నదీ నేనే.

సరే, ఓడ కదలడానికి మూడు రోజుల ముందు పెట్టె వచ్చింది. లోపల సర్టిఫికెట్ ఉంది. దానిమీది సీరియల్ నంబర్ మాత్రం మాది కాదు. ఒక సెన్సర్ అంకెలు ఇంకోదానికి పనికిరావు, పక్కింటి పిల్లాడి మార్కుల కాగితంతో మా పిల్లాడిని కాలేజీలో చేర్చలేం. ఇదే మాట ఫోన్ చేసి చెబితే వచ్చిన జవాబు: "నంబర్ పెన్నుతో దిద్దుకోండి సార్."

ఓడ మీ ఇమెయిల్ కోసం ఆగదు కాబట్టి కిందటేడాది అంకెలతోనే వెళ్లాం. ఉత్తర బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర నీళ్లు కలిసి పైపొరలో ఉప్పు బాగా తగ్గుతుంది, ఆ తేడా ఎవరికైనా కనిపిస్తుంది. వెయ్యి మీటర్ల కిందికి దిగితే కథంతా రెండో, మూడో దశాంశం దగ్గరే. అక్కడ సెన్సర్‌ను నమ్మలేక మా రీసెర్చ్ అమ్మాయి అనుకున్నదానికి రెట్టింపు సీసాల నీళ్లు పట్టింది. ఒక్కో సీసానూ ఉప్పు కొలిచే సాలినోమీటర్‌లో ప్రామాణిక సముద్రపు నీటితో, అంటే ఉప్పు ఎంతో ముందే కచ్చితంగా తెలిసిన నీటితో, పోల్చింది. వాంతులు చేసుకుంటూ, రాత్రి రెండింటికి. ఆ పిల్ల థీసిస్ ఇప్పుడు ఆ సీసాల మీద ఆధారపడి ఉంది. ఈ సంగతి మీ ఐదు స్టార్లలో ఎక్కడ రాయాలో నాకు తెలియలేదు.

వేరే దారి లేక ఆ పసుపు పెట్టె మళ్లీ మీ దగ్గరికే వస్తోంది. ఈసారి కడగకముందు, వచ్చింది వచ్చినట్టుగా ఒకసారి కొలవండి. కడిగాక మళ్లీ కొలవండి. రెండు రిపోర్టులూ మా సీరియల్ నంబర్‌తో కావాలి, మొదటి సర్టిఫికెట్ అసలు ఎవరిదో కూడా చెప్పాలి. పాపం, మా అంకెలు పట్టుకుని ఏ ల్యాబ్ వాళ్లు ఏ సముద్రంలో ఉన్నారో! డబ్బు వాపసు గురించి తర్వాత మాట్లాడతాను.

ఏడుకొండలవాడికి వదిలేయమంది మా ఆవిడ. ఆయన దగ్గర ఇప్పటికే చాలా అర్జీలున్నాయి, నేను వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. వచ్చే టెండరు కమిటీలోనూ నేనే ఉంటాను, ఈసారి గొంతు వేరేవాళ్ల కోసం చించుకుంటాను. ఇంకో మాట. ఓడలో విశాఖ, చెన్నై, కొచ్చి ల్యాబుల వాళ్లమంతా ఒకే టేబుల్ దగ్గర భోంచేస్తాం. నెల రోజులు. సిగ్నల్ ఉండదు, వేరే కాలక్షేపం ఉండదు. మీ ఐసు గ్లాసు కథ ఇప్పటికే రెండుసార్లు చెప్పించుకున్నారు.

ఇట్లు,
ల్యాబ్ ఇన్‌ఛార్జి

తా.క.: ఈ ఉత్తరాన్ని రసీదు కార్డు జతచేసి పోస్టులో పంపుతున్నాను. అందులో సంతకం పెట్టినవాళ్ల పేరైనా మాకు తెలుస్తుంది.